ఈడెన్‌లో మొదలై ఈడెన్‌లోనే ముగిసిన గులాం అహ్మద్ ఆట

1948 డిసెంబర్ 31. కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో వెస్టిండీస్‌తో మూడో టెస్ట్ మొదలైంది. ఆ రోజు భారత జట్టులో మొదటిసారి కనిపించిన వాళ్లలో హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక పొడగరి ఆఫ్ స్పిన్నర్ ఉన్నారు. వయసు 26. పేరు గులాం అహ్మద్.

ఆ తేదీని ఒక్కసారి హైదరాబాద్ వైపు నుంచి చూడాలి. పోలీస్ చర్య జరిగి అప్పటికి మూడున్నర నెలలే. సెప్టెంబర్ 13న భారత సైన్యం నిజాం రాజ్యంలోకి వచ్చింది, 17వ తేదీకల్లా నిజాం లొంగిపోయారు. ఆ తర్వాతి వారాల్లో జిల్లాల్లో ఏం జరిగిందో చాలా ఇళ్లలో ఇప్పటికీ గట్టిగా మాట్లాడుకోరు. నగరంలో కొలువులు పోయినవాళ్లు, జాగీర్లు ఉంటాయో ఊడతాయో తెలియనివాళ్లు, కరాచీ వెళ్లాలా ఇక్కడే ఉండాలా అని రాత్రంతా తర్జనభర్జన పడిన కుటుంబాలు ఎన్నో. ముస్లిం కుర్రాడికి ఈ కొత్త దేశంలో చోటుందా అని హైదరాబాద్ అంతా లోలోపల అడుక్కుంటున్న కాలం అది. సరిగ్గా అప్పుడే ఈ నగరం మనిషి ఒకరు భారత్ టోపీ పెట్టుకుని కలకత్తాలో బంతి అందుకున్నారు. ఆయన దాని మీద ప్రసంగాలేం చేయలేదు. బౌలింగ్ వేశారు, అంతే.

పైగా ఎదురుగా ఉన్నది అల్లాటప్పా బ్యాట్స్‌మన్ కాదు. ఎవర్టన్ వీక్స్ అప్పటికే వరుసగా మూడు టెస్ట్ సెంచరీలు కొట్టి వచ్చాడు. కలకత్తాలో రెండు ఇన్నింగ్స్‌లలోనూ కొట్టి ఆ లెక్కను ఐదుకు చేర్చాడు. అలాంటి జట్టు మీద మొదటి ఇన్నింగ్స్‌లోనే గులాం అహ్మద్ నాలుగు వికెట్లు తీశారు. మ్యాచ్ డ్రా అయింది. కొత్తవాడి సంగతి మాత్రం సెలెక్టర్లకు అర్థమైంది.

నిజానికి ఆయన అంత కొత్తవాడేం కాదు. 1922 జులై 4న హైదరాబాద్‌లో పుట్టారు. ఆయన పెరిగిన నగరానికి క్రికెట్ అంటే నవాబుల దర్జా ఒకవైపు, మైదానాల్లో కుర్రాళ్ల మెహనత్ మరోవైపు. 1930-31లో మొయినుద్దౌలా గోల్డ్ కప్ మొదలయ్యాక దేశంలోని పేరున్న ఆటగాళ్లంతా ఇక్కడికి వచ్చి ఆడేవాళ్లు. గులాం అహ్మద్‌కు 15 ఏళ్లున్నప్పుడు, అంటే 1937-38లో, హైదరాబాద్ జట్టు నవానగర్‌ను ఒక్క వికెట్ తేడాతో ఓడించి రంజీ ట్రోఫీ గెలిచింది. ఆ ఫైనల్లో ఎదుల్జీ ఐబరా కొట్టిన సెంచరీ గురించి ఊళ్లో చాన్నాళ్లు చెప్పుకున్నారు. ఆ గెలుపు వింటూ పెరిగిన పిల్లాడు రెండేళ్లు తిరిగేసరికి, 1939-40లో, 17 ఏళ్ల వయసులో అదే జట్టులో చేరాడు.

కానీ అదే ఏడాది ప్రపంచ యుద్ధం మొదలైంది. 1936 నుంచి 1946 దాకా భారత్ ఒక్క టెస్ట్ కూడా ఆడలేదు. ఒక బౌలర్‌కు 17 నుంచి 24 ఏళ్ల వయసంటే ఎలాంటిదో ఆట తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ వయసంతా దేశవాళీ మ్యాచ్‌లలోనే గడిచిపోయింది. 1946లో ఇంగ్లండ్ వెళ్లిన జట్టులో ఆయన లేరు. 1947-48లో ఆస్ట్రేలియా వెళ్లిన జట్టులోనూ లేరు. రెండుసార్లూ వేరే స్పిన్నర్లు వెళ్లారు. పిలుపు వచ్చేసరికి ఆయన తొమ్మిదేళ్ల అనుభవం ఉన్న బౌలర్.

ఆయన బౌలింగ్‌లో హంగులు తక్కువ. నాలుగు అడుగులు నింపాదిగా నడిచినట్టు వచ్చి, చెయ్యి బాగా పైకి లేపి, బంతిని ఆఫ్ స్టంప్ బయట నుంచి లోపలికి తిప్పేవారు. పొడుగు మనిషి కావడంతో బంతి పైనుంచి దిగేది, పడ్డాక లేచేది. ఒక చివర నుంచి మొదలుపెడితే గంటల తరబడి అదే చోట, అదే పొడవులో వేస్తూ ఉండేవారు. ఇండోర్‌లో 1950-51 సీజన్‌లో జరిగిన రంజీ మ్యాచ్ చూడండి. సి.కె. నాయుడి హోల్కర్ జట్టు మీద ఒక్క ఇన్నింగ్స్‌లో ఆయన వేసిన ఓవర్లు 92.3. అంటే 555 బంతులు. ఇచ్చిన పరుగులు 245, దక్కిన వికెట్లు నాలుగు. ఇప్పటి ఐపీఎల్‌లో ఒక బౌలర్‌కు మ్యాచ్‌కు దొరికేది 24 బంతులు. ఆ లెక్కన 23 మ్యాచ్‌ల పని ఆయన ఒక్క ఇన్నింగ్స్‌లో చేశారు. క్రికెట్ ఆడి ఇల్లు గడిచే రోజులు కూడా కావవి. టెస్ట్ ఆడితే చేతికి వచ్చేది వందల్లోనే. మర్నాడు పొద్దున మళ్లీ వెళ్లి బంతి పట్టుకునేది ఆట మీద ఇష్టం కొద్దీనే.

1952 ఆయన జీవితంలో పెద్ద సంవత్సరం. ఫిబ్రవరిలో మద్రాసులో భారత్ ఇంగ్లండ్‌ను ఇన్నింగ్స్ తేడాతో ఓడించింది. టెస్ట్ క్రికెట్‌లోకి వచ్చిన 20 ఏళ్లకు మన దేశానికి దక్కిన మొట్టమొదటి గెలుపు అది. వినూ మన్కడ్ 12 వికెట్లు తీసి హీరో అయ్యారు, అందులో తప్పు లేదు. కానీ రెండో ఇన్నింగ్స్‌లో రెండో చివర నుంచి నాలుగు వికెట్లు తీసింది గులాం అహ్మద్. ఆ సంగతి చాలామంది మర్చిపోతారు.

అదే ఎండాకాలం ఇంగ్లండ్ టూర్. హెడింగ్లీలో మొదటి టెస్ట్. గులాం అహ్మద్ 63 ఓవర్లు వేసి 100 పరుగులకు ఐదు వికెట్లు తీశారు. ఇంగ్లండ్‌కు దక్కిన ఆధిక్యం 41 పరుగులే. తర్వాత జరిగింది అందరికీ తెలుసు. రెండో ఇన్నింగ్స్‌లో భారత్ సున్నా పరుగులకు నాలుగు వికెట్లు పోగొట్టుకుంది. ఫ్రెడ్ ట్రూమన్ అనే కొత్త ఫాస్ట్ బౌలర్ పేరు ఆ రోజే లోకానికి తెలిసింది. 63 ఓవర్ల కష్టం ఆ సున్నాకు నాలుగు కింద పడి కనిపించకుండా పోయింది. ఏం చేస్తాం, స్పిన్నర్ల బతుకే అంత. ఆ టూర్‌లో టెస్టులు, కౌంటీ మ్యాచ్‌లు అన్నీ కలిపి ఆయన 80 వికెట్లు తీశారు.

తిరిగొచ్చాక అక్టోబర్‌లో ఢిల్లీ. భారత్, పాకిస్తాన్ మధ్య తొలి టెస్ట్. ఫిరోజ్ షా కోట్లా మైదానం.

దేశం రెండుగా చీలి ఐదేళ్లే అయింది. పాకిస్తాన్ కెప్టెన్ అబ్దుల్ హఫీజ్ కర్దార్ 1946లో భారత్ తరఫునే ఇంగ్లండ్‌లో ఆడిన మనిషి. ఆ జట్టులోని అమీర్ ఇలాహీ కూడా ఒకప్పుడు భారత్‌కు ఆడినవాడే. హైదరాబాద్‌లో దాదాపు ప్రతి ముస్లిం ఖాందాన్‌లో ఒకరో ఇద్దరో సరిహద్దు దాటి వెళ్లి ఉన్నారు. అలాంటి మ్యాచ్‌లో ఒక హైదరాబాదీ ముస్లిం మీద ఎన్ని కళ్లు ఉండి ఉంటాయో ఊహించుకోవచ్చు. బాగా ఆడితే సరే. సరిగా ఆడకపోతే మిగతావాళ్లకు రాని అనుమానం అతని దగ్గరికి వస్తుంది. ఈ బరువు గురించి ఈ సైట్ చదివేవాళ్లకు విడమర్చి చెప్పాల్సిన పని లేదు.

భారత్ మొదట బ్యాటింగ్ చేసింది. 263 పరుగులకు తొమ్మిది వికెట్లు పడిపోయాయి. అప్పుడు గులాం అహ్మద్ బ్యాట్ పట్టుకుని దిగారు. బ్యాటింగ్‌లో ఆయనది ఆఖరి స్థానం, ఆయన వచ్చారంటే ఇక ఇన్నింగ్స్ అయిపోయినట్టే లెక్క. రెండో చివర హేమూ అధికారి ఉన్నారు. అధికారి భారత సైన్యంలో ఆఫీసర్. మరి సైన్యం ఆఫీసర్, హైదరాబాద్ ఆఫ్ స్పిన్నర్ ఇద్దరూ కలిసి పాకిస్తాన్ బౌలర్లను ఆడటం మొదలుపెట్టారు. కర్దార్ బౌలర్లను మార్చి చూశాడు, ఫీల్డర్లను జరిపి చూశాడు. వికెట్ మాత్రం పడలేదు. స్కోరు 300 దాటింది, 350 దాటింది. గులాం అహ్మద్ 50 పరుగులు పూర్తి చేసి అక్కడే అవుటయ్యారు. అధికారి 81తో నాటౌట్. ఆఖరి వికెట్‌కు ఇద్దరూ కలిపింది 109 పరుగులు. టెస్టుల్లో ఆ జోడీ భారత్ తరఫున చివరి వికెట్ రికార్డు పెట్టింది.

ఆ 50 ఆయన జీవితంలో ఏకైక టెస్ట్ అర్ధసెంచరీ. 22 టెస్టులు మొత్తం కలిపి ఆయన చేసిన పరుగులే 192. అందులో నాలుగో వంతుకు పైగా ఆ ఒక్క రోజు వచ్చింది. ఎందుకు ఆ రోజే అంత నిలబడ్డారు అంటే స్కోరుకార్డులో జవాబు దొరకదు. తర్వాత మన్కడ్ ఎనిమిది వికెట్లు తీసి పాకిస్తాన్‌ను 150కి కూల్చారు. రెండో ఇన్నింగ్స్‌లో మన్కడ్‌కు ఐదు, గులాం అహ్మద్‌కు నాలుగు. భారత్ ఇన్నింగ్స్ 70 పరుగుల తేడాతో గెలిచింది.

1955 జనవరి 1న పాకిస్తాన్ తన సొంత గడ్డ మీద మొదటి టెస్ట్ ఆడింది, అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని ఢాకాలో. ప్రత్యర్థి మళ్లీ భారత్. అక్కడా గులాం అహ్మద్ మొదటి ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీశారు. ఆ సిరీస్ గురించి ఇంతకు మించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఐదు టెస్టులూ డ్రా. రెండు జట్లకూ ఓడిపోవడమంటే అంత భయం.

అదే ఏడాది నవంబర్‌లో హైదరాబాద్‌కు మొదటిసారి టెస్ట్ మ్యాచ్ వచ్చింది. ఫతే మైదాన్, అంటే ఇప్పటి ఎల్.బి. స్టేడియం. ప్రత్యర్థి న్యూజిలాండ్. భారత్ కెప్టెన్ గులాం అహ్మద్. సొంత ఊళ్లో జరిగిన తొలి టెస్టుకు సొంత ఊరి మనిషే నాయకుడు. ఏడేళ్ల కిందట ఈ నగరం ఎట్లా ఉండేదో గుర్తున్నవాళ్లకు ఆ రోజు గ్యాలరీలో కూర్చోవడం ఎలా అనిపించి ఉంటుందో! మ్యాచ్ కూడా మరీ చప్పగా ఏం సాగలేదు. పాలీ ఉమ్రిగర్ 223 కొట్టారు. టెస్టుల్లో ఒక భారతీయుడు డబుల్ సెంచరీ చేయడం అదే మొదలు. విజయ్ మంజ్రేకర్ సెంచరీ కొట్టారు, మొదటి టెస్ట్ ఆడిన కృపాల్ సింగ్ కూడా కొట్టారు. సుభాష్ గుప్తే ఏడు వికెట్లు తీశారు. కానీ ఫాలో ఆన్‌లో బెర్ట్ సట్‌క్లిఫ్ పాతుకుపోయి సెంచరీ చేశాడు, మ్యాచ్ డ్రా అయింది. తర్వాతి టెస్ట్ నుంచి కెప్టెన్సీ ఉమ్రిగర్ చేతికి వెళ్లింది. అప్పటి భారత క్రికెట్‌లో కెప్టెన్సీ అంటే అద్దె ఇల్లు లాంటిదే, ఎప్పుడు ఖాళీ చేయాలో ఉన్నవాడికే తెలియదు.

బౌలర్‌గా ఆయన శిఖరం మళ్లీ కలకత్తాలోనే. 1956 నవంబర్, ఈడెన్ గార్డెన్స్, ఆస్ట్రేలియాతో టెస్ట్. నీల్ హార్వే, కీత్ మిల్లర్ తరం ఆస్ట్రేలియా అది. గులాం అహ్మద్ 49 పరుగులకు ఏడు వికెట్లు తీసి ఆ జట్టును 177 పరుగులకే కూల్చారు. రెండో ఇన్నింగ్స్‌లో మరో మూడు. మ్యాచ్‌లో మొత్తం పది వికెట్లు, 130 పరుగులు. ఇంత చేశాక ఏ బౌలరైనా గెలుపు ఆశిస్తాడు. కానీ రిచీ బెనో 11 వికెట్లు తీసి భారత్‌ను రెండుసార్లూ 136కే కట్టడి చేశాడు. 94 పరుగుల తేడాతో ఓటమి. హెడింగ్లీ కథే మళ్లీ. ఆయన బంతితో కట్టిన గోడను బ్యాటింగ్ కూల్చేయడం ఆ పదేళ్లలో అలవాటైపోయింది.

1958-59లో వెస్టిండీస్ వచ్చింది. కెప్టెన్‌గా మళ్లీ గులాం అహ్మద్‌నే ఎంచుకున్నారు. 36 ఏళ్ల వయసు, శరీరం ముందులా మాట వినని స్థితి. బొంబాయి టెస్టుకు ఆయన దిగలేకపోతే ఉమ్రిగర్ నడిపించారు. కాన్పూర్‌లో గులాం అహ్మద్ కెప్టెన్. గుప్తే ఒక ఇన్నింగ్స్‌లో తొమ్మిది వికెట్లు తీసినా, వెస్లీ హాల్ వేగం ముందు మన బ్యాటింగ్ నిలవలేదు, 203 పరుగుల తేడాతో ఓడిపోయాం. మూడో టెస్ట్ కలకత్తాలో, డిసెంబర్ 31న. రోహన్ కన్హయ్ 256 కొట్టాడు, బుచర్, సోబర్స్ చెరో సెంచరీ. స్కోరు 614. భారత్ 124, 154. ఇన్నింగ్స్ 336 పరుగుల ఓటమి. ఇంత పెద్ద దెబ్బ అంతకు ముందు భారత్ ఎప్పుడూ తినలేదు.

మ్యాచ్ జనవరి 4న ముగిసింది. గులాం అహ్మద్ తప్పుకున్నారు, టెస్ట్ క్రికెట్‌కే సలాం చెప్పారు. పదేళ్ల కిందట ఇదే డిసెంబర్ 31న, ఇదే మైదానంలో, ఇదే వెస్టిండీస్ మీద మొదలుపెట్టిన ఆట అది. అప్పుడూ జనవరి 4నే ముగిసింది. ఆ సిరీస్‌లో నాలుగో టెస్టుకు మన్కడ్, ఐదో టెస్టుకు హేమూ అధికారి కెప్టెన్లయ్యారు. ఢిల్లీలో ఆయనతో పాటు 109 పరుగులు చేసిన ఆ అధికారే. ఐదు టెస్టులు, నలుగురు కెప్టెన్లు. ఓడిన నిందంతా గులాం అహ్మద్ మీద వేయడం అన్యాయం. బోర్డు వ్యవహారం అట్ల ఉన్నప్పుడు ఎవరైనా ఏం నిలబెడతారు?

లెక్క చూస్తే 22 టెస్టుల్లో 68 వికెట్లు. ఫస్ట్ క్లాస్‌లో 407. భారత్‌కు దొరికిన మొదటి గొప్ప ఆఫ్ స్పిన్నర్ ఆయనే. తర్వాత వచ్చిన ఎరాపల్లి ప్రసన్న, వెంకటరాఘవన్ నడిచిన దారి ఆయన వేసింది.

ఆట ఆగాక కూడా క్రికెట్ ఆయన్ను వదల్లేదు. 1962లో వెస్టిండీస్ వెళ్లిన భారత జట్టుకు మేనేజర్‌గా ఉన్నారు. బార్బడోస్‌తో మ్యాచ్‌లో చార్లీ గ్రిఫిత్ బంతి కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ తలకు తగిలింది. పుర్రె చిట్లింది. ఆపరేషన్లు చేయాల్సి వచ్చింది, వెస్టిండీస్ కెప్టెన్ ఫ్రాంక్ వారెల్ స్వయంగా రక్తం ఇచ్చారు. ఇంటికి వేల మైళ్ల దూరంలో ఒక యువకుడి ప్రాణం ఆస్పత్రిలో ఊగిసలాడుతుంటే జట్టు పెద్దగా ఆ భారమంతా గులాం అహ్మద్ మీదే పడింది. ఇంకో పక్క కొద్ది రోజుల్లో టెస్ట్. వైస్ కెప్టెన్ మన్సూర్ అలీ ఖాన్ పటౌడీకి 21 ఏళ్లు. పగ్గాలు ఆ కుర్రాడి చేతికి వచ్చాయి. కాంట్రాక్టర్ బతికారు, కానీ మళ్లీ టెస్ట్ ఆడలేదు. పటౌడీ ఏమయ్యారో చరిత్ర చెబుతుంది.

1975 నుంచి 1980 వరకు గులాం అహ్మద్ భారత క్రికెట్ బోర్డు కార్యదర్శి. 1983లో సెలెక్షన్ కమిటీ చైర్మన్. కపిల్ దేవ్ నాయకత్వంలో లార్డ్స్‌లో ప్రపంచ కప్ ఎత్తిన జట్టును ఎంపిక చేసింది ఆయన కమిటీయే.

బోర్డు కార్యదర్శిగా ఉన్న రోజుల్లో జరిగిన ఒక సంగతి సినిమా కథలా ఉంటుంది. గులాం అహ్మద్‌కు ఒక మేనల్లుడు. 1943లో హైదరాబాద్‌లోనే పుట్టాడు, హైదరాబాద్ తరఫున రంజీ కూడా ఆడాడు. 1961లో పాకిస్తాన్ వెళ్లిపోయాడు. పేరు ఆసిఫ్ ఇక్బాల్. అతను పాకిస్తాన్‌కు పేరున్న బ్యాట్స్‌మన్ అయ్యాడు, చివరికి కెప్టెన్ అయ్యాడు. 1979 నవంబర్‌లో పాకిస్తాన్ జట్టును తీసుకుని భారత్‌కు వచ్చాడు. ఈ పక్క భారత బోర్డు కార్యదర్శి మామ, ఆ పక్క పాకిస్తాన్ కెప్టెన్ అల్లుడు! కరాచీలో ఒక చెల్లెలు, మలక్‌పేటలో ఒక అన్న ఉన్న ఇళ్లకు ఇందులో వింత ఏమీ కనిపించదు. వాళ్ల ఇళ్లలో పెళ్లిళ్లు, చావులు వీసా చేతిలో ఉంటేనే. ఈ ఇంటి విషయంలో తేడా ఒక్కటే, ఆ కథ స్టేడియంలో నడిచింది. సిరీస్ భారత్ 2-0తో గెలిచింది. ఆసిఫ్ ఇక్బాల్ ఆఖరి టెస్ట్ కూడా ఆ సిరీస్‌లోనే, 1980 ఫిబ్రవరిలో ముగిసింది. ఎక్కడంటే ఈడెన్ గార్డెన్స్‌లో. మామ ఆట ముగిసిన మైదానంలోనే.

తర్వాతి కాలంలో అదే బంధువర్గం నుంచి టెన్నిస్‌లో సానియా మీర్జా వచ్చింది. ఆమె పేరు తెలియని పిల్లలు లేరు. ఆమెకు దూరపు చుట్టమైన గులాం అహ్మద్ పేరు మాత్రం ఎంతమందికి తెలుసో చెప్పడం కష్టం.

1998 అక్టోబర్ 28న గులాం అహ్మద్ హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. వయసు 76. ఢిల్లీలో హేమూ అధికారితో కలిసి పెట్టిన 109 పరుగుల రికార్డు ఆయన పోయాక కూడా ఆరేళ్లు నిలిచింది, మొత్తం 52 ఏళ్లు. 2004 డిసెంబర్‌లో సచిన్ టెండూల్కర్, జహీర్ ఖాన్ చివరి వికెట్‌కు 133 పరుగులు జోడించి దాన్ని దాటారు. అందులో 11వ నంబర్ ఆటగాడు జహీర్ చేసినవి 75. ఆ మ్యాచ్ జరిగింది ఢాకాలో, 1955లో గులాం అహ్మద్ ఐదు వికెట్లు తీసిన స్టేడియంలోనే.